మట్టిబాట మీద సైకిల్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వరంగల్ చుట్టూ సైకిల్ తొక్కడానికి మంచి రోజులు. వానలకు మెత్తబడ్డ బాటలు గట్టిపడతాయి, పదింటి దాకా ఎండ సుర్రుమనదు. అందుకే కాబోలు ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ మట్టిబాటల గురించే. వాటిలో చాలావాటికి జవాబు ఒక్కచోటే మొదలవుతుంది: మీ చక్రం కింద ఏ నేల ఉంది?

ఇటలీలో ద్రాక్షతోటల మధ్య తెల్లమట్టి దారుల మీద సైకిళ్లు తొక్కే వీడియోలు చూసి గ్రావెల్ బైక్ (కంకర, మట్టి దారులకు తగ్గ సైకిల్) కొన్నాను. కార్లు, లారీలు లేని అలాంటి దారులు మన దగ్గర ఉన్నాయా? (హనుమకొండ)

ఉన్నాయి, వాటి తీరు వేరు. అక్కడ దారి కొండలు ఎక్కుతూ దిగుతూ పోతుంది. మన దగ్గర నేల మెల్లగా లేచి పడుతుంటుంది, గుట్టలు విడివిడిగా నిలబడతాయి, ద్రాక్షతోటల చోట తాటివనాలు ఉంటాయి. పల్లం కనిపిస్తే కట్ట వేసి నీళ్లు ఆపిన కాకతీయుల ప్రాంతం ఇది. కాబట్టి ఇక్కడ సద్దులేని దారి అంటే ముందు చెరువు కట్ట, తర్వాత కాలువ కట్ట, ఆ తర్వాత ఊరికీ ఊరికీ మధ్య బండ్ల బాట.

2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో చాలా కట్టలకు కొత్త మట్టి పోశారు. పైభాగం ట్రాక్టరు పట్టేంత వెడల్పు ఉన్న కట్ట సైకిల్‌కు హాయిగా ఉంటుంది. రెండు చోట్ల మాత్రం దిగి చూడండి. తూము దగ్గర మట్టి కుంగి అడుగులోతు గుంత పడి ఉండొచ్చు. మత్తడి దగ్గర కట్ట ఆగిపోయి రాతికట్టు మీదుగా దాటాల్సి వస్తుంది. మత్తడి దుంకుతున్న రోజుల్లో నీళ్లు మడమల లోతే కనిపించినా దాటకండి. కింద రాయికి పాకుడు పట్టి ఉంటుంది, చక్రానికి పక్కనుంచి నీటి తోపుడు తగులుతుంది. సైకిల్ తోసుకుంటూ వెళ్లినా ప్రమాదమే.

కాలువ కట్టల్లో ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాకతీయ కాలువ పెద్దది. ఎత్తుపల్లాలు దాదాపు ఉండవు కాబట్టి కొత్తవాళ్లకు అనువు. నీళ్లు పారుతుంటే మాత్రం ఎప్పుడూ పొలం వైపు అంచునే తొక్కండి. సిమెంటు లైనింగు ఏటవాలుగా, నాచుతో నున్నగా ఉంటుంది. ఈత వచ్చినవాళ్లు కూడా అందులో పడితే పట్టు దొరక్క పైకి రాలేరు.

మొదటిసారికి మేం చెప్పేది రామప్ప. సైకిల్‌ను కారు మీద పాలంపేట దాకా తీసుకెళ్లండి. ములుగు మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి మీద ఇసుక లారీల పక్కన తొక్కడంలో సుఖం లేదు. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి నుంచి రామప్ప చెరువు కట్ట, తర్వాత ఊళ్ల మధ్య చిన్న రోడ్ల మీదుగా గణపురం కోటగుళ్లు, మళ్లీ వెనక్కి. అటూ ఇటూ కలిపి 20 కిలోమీటర్ల పైచిలుకు అవుతుంది. దారిలో పొలాల్లోకి చీలే మొరం బాటలు కనిపిస్తాయి. ఏది ఎటు పోతుందో చేలో ఉన్నవాళ్లను అడిగితే మ్యాపు కన్నా సరిగ్గా చెబుతారు.

పాకాల, ఏటూరునాగారం వైపు పోతే అవి అభయారణ్యాలని మర్చిపోకండి. అందరూ తిరిగే రోడ్డు దిగి అడవి బాట పట్టాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. తెల్లవారకముందు, పొద్దు గూకాక అసలు వద్దు. ఎలుగుబంట్లు తిరిగే వేళలవి, అలికిడి చేయని సైకిల్ వాటికి మరీ దగ్గరగా వెళ్లిపోతుంది.

చేల పక్కన పోయిన ప్రతిసారీ పంచరే. మొన్న ఒకే రోజు నాలుగు. ట్యూబు మార్చిన పది నిమిషాలకే మళ్లీ గాలి పోయింది. టైరు నాసిరకమా? (నర్సంపేట)

టైరును తప్పుపట్టే ముందు బాట అంచును చూడండి. పసుపు పూలతో నేలకు అంటుకుని పాకే పల్లేరు అక్కడ కచ్చితంగా ఉంటుంది. పల్లేరుకాయ ఎండితే ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు మేక కొమ్ముల్లాంటి రెండు పెద్ద ముళ్లు, రెండు చిన్నవి. ఎలా పడినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. వానాకాలం పోయి ఆకు వాడిన దగ్గర్నుంచి చెలక గట్ల మీద, కల్లాల చుట్టూ, బాట అంచుల్లో పరుచుకుని ఉంటుంది. బాట నడుమ చక్రాల జాడలో అంతగా ఉండదు, ఎందుకంటే ట్రాక్టర్లు వాటిని ఎప్పుడో ఎత్తుకుపోయి ఉంటాయి. కాబట్టి మొదటి మందు, అంచుకు దిగకపోవడం. ఎదురుగా బండి వస్తే గడ్డిలోకి తొక్కకుండా ఆగి, సైకిల్‌ను చేత్తో ఎత్తి పక్కన పెట్టండి.

పది నిమిషాలకే మళ్లీ గాలి పోవడానికి కారణం, టైరులో ఇంకా ముల్లు ఉండటం. ఒక కాయ దిగిందంటే మూడు నాలుగు ముళ్లు విరిగి లోపల ఉండిపోతాయి. ట్యూబు తీశాక టైరు లోపలి వైపు చుట్టూ పాత నూలు గుడ్డతో తుడవండి. ముల్లు ఉన్నచోట గుడ్డ పట్టుకుంటుంది. వేలితో వెతికితే వేలు కోసుకుంటుంది, పైగా చిన్నవి దొరకవు. గుడ్డ ఆగినచోట బయటి నుంచి చూసి, ముల్లు మొన తేలితే గోరుతోనో చిన్న పట్టకారుతోనో లాగండి, లేకపోతే లోపలి నుంచి బయటికి నెట్టండి. ఒక చుట్టు అయ్యాక గుడ్డ తిప్పి ఎదురు దిశలో ఇంకో చుట్టు తుడవండి. ఏటవాలుగా దిగిన ముల్లు ఒక దిక్కు నుంచే పట్టుకుంటుంది.

ప్యాచీ వేసేటప్పుడు జరిగే పొరపాటు తొందర. ట్యూబును గరుకు కాగితంతో రుద్దాలి, ప్యాచీ కన్నా అరంగుళం ఎక్కువ మేర. సొల్యూషను పలుచగా రాసి, మెరుపు పోయి మసకగా ఆరేదాకా, మూడు నుంచి ఐదు నిమిషాలు వదిలేయాలి. తడి మీద అతికిస్తే అంటినట్టే ఉండి, ఎండలో ట్యూబు వేడెక్కగానే అంచు లేస్తుంది.

రిమ్మూ టైరూ పనికొచ్చేవైతే ట్యూబ్‌లెస్‌కు మారండి. పల్లేరు బాధకు ఇదే అసలు పరిష్కారం. 40 మిల్లీమీటర్ల టైరుకు ఒక్కోదానికి 60 నుంచి 90 మిల్లీలీటర్ల సీలెంటు (చిల్లులు మూసే జిగురు ద్రవం) పోయాలి. ముల్లు లాగగానే ఆ చిల్లు కింది వైపు వచ్చేలా చక్రం తిప్పి అర నిమిషం ఆపండి. సీలెంటు అక్కడికి చేరి గడ్డకడుతుంది. మన ఎండలకు సీలెంటు తొందరగా ఎండిపోతుంది. చలికాలంలో రెండు మూడు నెలలకోసారి, మార్చి నుంచి జూన్ దాకా నెలకోసారి చూసుకోవాలి. చక్రాన్ని చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమనాలి. చప్పుడు రాకపోతే లోపల మిగిలింది రబ్బరు పొరే. ట్యూబ్‌లెస్ ఉన్నా ఒక ట్యూబు వెంట ఉండాల్సిందే. దాన్ని ఎక్కించే ముందు టైరును గుడ్డతో తుడవడం మాత్రం మరవకండి. సీలెంటు మూసేసిన పాత ముళ్లన్నీ అక్కడే ఉంటాయి.

ఇంకొకటి. ప్రతి ఊళ్లో పంచరు దుకాణం ఉంటుంది గానీ సన్న ప్రెస్టా వాల్వుకు వాళ్ల గాలి గొట్టం పట్టదు. వేలి కణుపంత కూడా లేని ఇత్తడి అడాప్టరు ఒకటి వాల్వుకే తగిలించి ఉంచుకోండి. గాలి కొట్టేటప్పుడు కంప్రెసర్‌ను ఒకటి రెండు సెకన్లు తెరిచి ఆపుతూ, వేలితో నొక్కి చూసుకుంటూ పోవాలి.

మొరం మీద బాగానే పోతాను. వాగు దగ్గర దుబ్బ రాగానే ముందు చక్రం పక్కకు తప్పుతుంది, రెండుసార్లు పడ్డాను. టైర్లు 38 మిల్లీమీటర్లవి, గాలి 60 పీఎస్ఐ. నా బరువు 62 కిలోలు. (ములుగు)

గాలి చాలా ఎక్కువైంది అమ్మా. 60 పీఎస్ఐతో ఆ టైరు దుబ్బను కత్తిలా కోసుకుని దిగుతుంది. మీ బరువుకు, ట్యూబు ఉన్న 38 టైరుకు, ముందు 36, వెనుక 40తో మొదలుపెట్టండి. ట్యూబ్‌లెస్ అయితే 29, 33 చాలు. బరువు ఐదు కిలోలు పెరిగితే దాదాపు 2 పీఎస్ఐ కలపాలి. మరీ తగ్గించినా చేటే. రాయి తగిలినప్పుడు టైరు రిమ్ముదాకా నలిగి ట్యూబుకు పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలాంటి జంట చిల్లులు కనిపిస్తే 3 పీఎస్ఐ పెంచండి. ఎండకు టైరు పగులుతుందేమోనని గాలి తీసేవాళ్లున్నారు, ఆ భయం అక్కర్లేదు. పొద్దున 25 డిగ్రీల వేడిలో 40 నింపిన టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే 44 దాకా పోతుంది, అంతే.

ఇక తొక్కే తీరు. దుబ్బ కనిపించగానే, అందులోకి దిగకముందే, రెండు గేర్లు తేలిక చేయండి. దుబ్బలో దిగాక గేరు మార్చితే చైను మీద బరువు పడి తొక్కుడు తెగుతుంది, తెగితే సైకిల్ ఆగిపోతుంది. సీటు మీద కొంచెం వెనక్కి జరగండి, చేతులు వదులుగా ఉంచండి. ముందు చక్రం అటూ ఇటూ కొంచెం ఊగుతుంది, ఊగనివ్వండి. దాన్ని సరిచేద్దామని హ్యాండిల్ బిగించి తిప్పినప్పుడే మనిషి పడేది. చూపు చక్రం మీద కాకుండా దుబ్బ అయిపోయే చోట పెట్టండి. ముందు బ్రేకు ముట్టుకోవద్దు.

మొరానికి వేరే పద్ధతి. గట్టి నేల మీద గోలీల్లాంటి గుండ్రాళ్లు ఉంటాయి కాబట్టి నేరుగా పోతే ఏమీ కాదు, మలుపులో బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. వేగమంతా మలుపుకు ముందే తగ్గించి, బయటి వైపు కాలు కిందికి నొక్కి, బ్రేకు వదిలేసి తిరగండి. ట్రాక్టరు జాడలు లోతుగా ఉంటే ఏదో ఒకదాన్ని ముందే ఎంచుకుని అందులోనే పొండి. మధ్యలో మారాల్సి వస్తే జాడ అంచుకు వీలైనంత అడ్డంగా దాటాలి. వాలుగా ఎక్కబోతే టైరు అంచు వెంబడి జారుతుంది.

రేగడి గురించి మీరు అడగలేదు గానీ, అందరికన్నా ఎక్కువ నష్టం చేసేది అదే. వాన పడిన రేగడి బాట మీద నూరు గజాలు పోకముందే టైరుకు, ఫోర్కుకు మధ్య మట్టి దట్టంగా పట్టేస్తుంది. అప్పటికీ బలవంతాన తొక్కితే పత్తి కట్టె ముక్కలూ గడ్డీ చైనుతో పాటు వెనుక గేర్లు మార్చే డిరైల్లర్‌లోకి పోతాయి. అది మెలిపడి స్పోకుల్లో చిక్కుతుంది, దాన్ని పట్టుకునే హ్యాంగరు విరుగుతుంది. హ్యాంగరు ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం, ఊళ్లో దొరకదు. సైకిల్ కొన్నరోజే ఇంకోటి కొని సంచిలో వేసుకోవాలి. టైరుకు ఇరువైపులా కనీసం 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అన్నిటికన్నా మంచిది, పెద్ద వాన తర్వాత రెండు రోజుల ఎండ పడేదాకా రేగడి వైపు పోకుండా ఎర్రనేల బాటలు పట్టడం.

కెరమెరి ఘాట్, మహబూబ్ ఘాట్ ఎక్కాలని ఉంది. నా రోడ్డు సైకిల్‌కు ముందు 50/34 పళ్ల చక్రాలు, వెనుక 11–28 పళ్లవి. సరిపోతుందా? (నిర్మల్)

ఎక్కగలరు, మోకాళ్లు మాత్రం అరుస్తాయి. మీ అతి తేలిక గేరు 34/28. 700×35 టైరుతో పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిల్ 2.6 మీటర్లకు పైగా పోతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు దాదాపు 9.5 కిలోమీటర్లు. సైకిల్‌తో కలిపి 85 కిలోలు ఉంటే, 10 శాతం ఏటవాలు మట్టిబాట మీద 6 కిలోమీటర్ల వేగానికే దాదాపు 160 వాట్లు కావాలి, 8 కిలోమీటర్లకు 210 దాటుతుంది. అలవాటు లేని మనిషి ఎక్కువసేపు ఇవ్వగలిగేది ఆ మొదటి అంకెకు దగ్గర్లోనే. అంటే మీకు నెమ్మదిగా పోతూ కూడా కాళ్లు తిరిగే గేరు కావాలి.

వెనుక 11–34 క్యాసెట్టు (పళ్లచక్రాల గుత్తి) వేయించండి. డిరైల్లర్ పొట్టి పంజరంది (చైనును బిగించి పట్టే కింది భాగం పొట్టిగా ఉన్నది) అయితే అదీ మార్చాలి. చైను కూడా కొత్తది, పొడవుది కావాలి. కొలత ఇలా: డిరైల్లర్ లోంచి పోనివ్వకుండా చైనును ముందు పెద్ద పళ్లచక్రం, వెనుక పెద్ద పళ్లచక్రం మీదుగా చుట్టి, రెండు కొసలు కలిసేచోటికి ఇంకో రెండు లింకులు కలిపి కోయాలి. పాత చైనుతోనే సరిపెడితే, పొరపాటున పెద్ద-పెద్ద గేరులో పడ్డ క్షణాన డిరైల్లర్ ఊడి వస్తుంది.

ముందు మూడు పళ్లచక్రాలున్న మామూలు గేర్ల సైకిల్ (చిన్నది 24, వెనుక 28) ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. ఘాట్ ఎక్కడానికి అది మీ ఖరీదైన సైకిల్ కన్నా మేలు.

దిగేటప్పుడు బ్రేకులు పట్టుకునే ఉండొద్దు. గట్టిగా రెండు సెకన్లు పట్టి, వదిలి, మళ్లీ పట్టండి. డిస్కు ప్యాడు మీద మిగిలిన మందం 0.5 మిల్లీమీటరుకు చేరితే మార్చాలి. ఘాట్‌కు పోయే ముందు 1 మిల్లీమీటరు ఉన్నా మార్చేయమంటాం.

చైనుకు ఇంజిన్ ఆయిల్ వేయొచ్చా? (కాజీపేట)

వద్దు. చిక్కటి నూనెకు ఎర్రదుమ్ము అంటుకుని సాన పట్టే ముద్దలా మారి పిన్నులను అరగదీస్తుంది. మైనం కలిసిన పొడి లూబ్ లింకుకు ఒక చుక్క చొప్పున వేసి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున పైదంతా తుడిచేయండి. అరుగుదల చూడటానికి అంగుళాల స్టీలు స్కేలు చాలు. పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే 11, 12 గేర్ల చైను మార్చాల్సిందే.

దారిలో తాటివనం కనిపిస్తే మండువ దగ్గర ఆగుతాం. ఒక సీసా కల్లుతో ఏమవుతుంది? నీళ్లు, తిండి ఎంత కావాలి? (జనగామ)

కల్లు ప్రయాణం అయ్యాకే. చెమట పోస్తున్న ఒంట్లోంచి మద్యం ఇంకా నీళ్లు లాగేస్తుంది, దుబ్బలో హ్యాండిల్ వదులుగా పట్టుకోవాల్సిన చెయ్యి ఆలస్యంగా కదులుతుంది. గీత కార్మికుడు చెట్టు దించిన కల్లేనా, ఎక్కడో మందు కలిపి తెచ్చిందా అన్నది కూడా బాటసారికి తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో ముంజలు దొరికితే మాత్రం కడుపునిండా తినండి.

నీళ్లు గంటకు 500 నుంచి 750 మిల్లీలీటర్లు. రెండు గంటలు దాటితే ఒక సీసాలో ఓఆర్ఎస్ ఉండాలి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపండి, అర లీటరులో చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. తిండి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. మధ్యరకం అరటిపండులో దాదాపు 25 గ్రాములుంటాయి. రెండు పండ్లు, ఒక పల్లిపట్టి గంటకు సరిపోతాయి. సర్వపిండి, సకినాలు రుచే గానీ నూనె వల్ల నెమ్మదిగా అరుగుతాయి, ఇంటికొచ్చాక తినండి.

ఊరి కుక్కలు తరుముతున్నాయి. ఏం చేయాలి? (పరకాల)

వేగంతో తప్పించుకోవాలని చూడకండి, మట్టి మీద పడతారు. దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య పెట్టి నడవండి. చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. కరిస్తే వెంటనే సబ్బూ నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టండి.

సెప్టెంబరు చివర్లో ఫ్లోరెన్సులో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. ద్రాక్షతోటల్లో సైకిల్ అద్దెకు తీసుకుని తొక్కుదామంటోంది. నాకు 52 ఏళ్లు, చెరువు కట్టల మీద 40 కిలోమీటర్లు తొక్కుతాను. (హనుమకొండ)

తప్పకుండా తొక్కండి. ఫ్లోరెన్సుకూ సియెనాకూ మధ్య ఉన్న కొండలే చియాంటి. అక్కడి తెల్ల కంకర దారులను స్త్రాదే బియాంకే అంటారు, 2007లో వేరే పేరుతో మొదలై సియెనాలో ముగిసే ప్రొఫెషనల్ పందెం ఇప్పుడు అదే పేరుతో జరుగుతోంది. గయోలే అనే ఊరి నుంచి 1997లో మొదలైన ఎరోయికా పాతకాలపు స్టీలు సైకిళ్ల పండగ. దాని 209 కిలోమీటర్ల దారికి ఏడాది పొడవునా గుర్తు బోర్డులుంటాయి కాబట్టి అందులో ఒక ముక్క ఎంచుకోవడం తేలిక.

మీ 40 కిలోమీటర్లను అక్కడ 25గా లెక్కవేసుకోండి. దూరం కన్నా ఎక్కుడు అలసట తెస్తుంది, 15 శాతం దాటే ముక్కలు కంకర మీదే వస్తాయి. సాయం చేసే మోటారున్న ఈ-బైక్ దొరికితే మొహమాటపడకండి. ఎక్కేటప్పుడు లేచి నిలబడితే వెనుక టైరు పట్టు తప్పి గిర్రున తిరుగుతుంది. కూర్చునే, ఛాతీ హ్యాండిల్ వైపు వంచి తొక్కండి. మీరు వెళ్లేది ద్రాక్ష కోతల కాలం. ఇరుకు మలుపుల్లో ట్రాక్టర్లు ఎదురవుతాయి, వాటికి దారి ఇవ్వండి. మద్యం రుచి చూసే చోట్లు అడుగడుగునా ఉంటాయి. రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల పరిమితి అక్కడ సైకిల్ తొక్కేవాళ్లకూ వర్తిస్తుంది.

ఇంటి దగ్గరే ఒక కొలత రాసుకుని వెళ్లండి: పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఎన్ని సెంటీమీటర్లో. అద్దె సైకిల్‌కు అదే పెట్టించుకుంటే మోకాలు నొప్పి ఉండదు. దుకాణం ముందే బ్రేకులు కూడా పట్టి చూడండి. మన సైకిళ్లకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి ఉంటుంది, అక్కడ సాధారణంగా ఎడమచేతిది. కంకర దిగుడులో అలవాటు చొప్పున ఎడమ చెయ్యి గట్టిగా నొక్కారంటే ముందు చక్రం బిగుసుకుంటుంది. ఏ చెయ్యి ఏ చక్రానికో అడిగి, కావాలంటే మార్చి బిగించమనండి. తర్వాత బండ్లు కుడివైపున నడిచే ఆ దేశపు రోడ్డు మీద, ఖాళీ వీధిలో పది నిమిషాలు తిరిగి, అప్పుడు కొండ వైపు పొండి.